కాగడాలు లెక్కపెట్టిన ఆటలు

పాత డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలోని థాకో అంటే ఏమిటో ఇంకా గుర్తున్నవాళ్లకి ఈ కబుర్లు తొందరగా ఎక్కుతాయి. ఎప్పుడూ విననివాళ్లూ చదవొచ్చు, అవసరమైన చోట చెప్పుకుంటూ పోతాను. ఒక టేబుల్, చుట్టూ నలుగురైదుగురు, అందులో ఒకరు డంజన్ మాస్టర్ (పొట్టిగా డీఎమ్), అంటే ఆ లోకాన్ని నడిపే మనిషి. మిగతావాళ్లు ఒక్కో పాత్ర తీసుకుని "నేను తలుపుకి చెవి ఆనించి వింటాను", "నేను వెనక కాపలా ఉంటాను" అని చెబుతారు, ఏమవుతుందో తేలని చోట డైస్ వేసి తేల్చుకుంటారు. ఇలాంటి ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో పాతకాలం పద్ధతివి, అంటే 1970ల్లో, 80ల్లో వచ్చినవీ, వాటి దారిలోనే ఈమధ్య వచ్చినవీ, చాలానే ఆడాను. ఏ సిస్టమ్, అంటే ఏ రూల్స్ పుస్తకం, మంచిదని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ టేబుల్, ఆ మనుషులు గుర్తొస్తారు, రూల్స్ ఆ తర్వాత.

అయితే ఆ ఆటల్లో నడిచిన కథలు మాత్రం నాకు పెద్దగా గుర్తులేవు. ఏ రాజు కిరీటం పోయిందో, ఏ మాంత్రికుడు ఎందుకు పగబట్టాడో అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. స్పష్టంగా మిగిలినవి ఏమిటా అని చూస్తే, ఆ రూల్ బుక్ మాతో దేన్ని లెక్కపెట్టించిందో అవే మిగిలాయి. కాగడాలు లెక్కపెట్టించిన ఆటలో చీకటి గుర్తుంది. ఒంట్లో ఏ భాగానికి దెబ్బ తగిలిందో రాయించిన ఆటలో, పనికిరాకుండా పోయిన నా పాత్ర కుడిచెయ్యి గుర్తుంది. అందుకే "సిస్టమ్ ఏదైనా ఒకటే, డీఎమ్ బాగుంటే చాలు" అనే మాటని నేను ఎప్పటికీ ఒప్పుకోలేను. మా డీఎమ్ ఒక్కడే, చాలా ఏళ్లు వాడే నడిపాడు, కానీ పుస్తకం మారిన ప్రతిసారీ మేం వేరే మనుషుల్లా ఆడాం.

మొదలుపెట్టింది 1981 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్‌తో. టామ్ మోల్డ్‌వే కూర్చిన 64 పేజీల పుస్తకం, దానికి జోడీగా అదే ఏడాది డేవిడ్ కుక్, స్టీవ్ మార్ష్ చేసిన ఎక్స్‌పర్ట్. రెండూ కలిపి బీ/ఎక్స్ అంటారు. అప్పటికి ఆ ఆట పుట్టి ఏడేళ్లే. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో మూడు చిన్న పుస్తకాలుగా తెచ్చిన మొదటి రూపాన్ని నేను చాలా తర్వాత చదివాను, చదివాక మోల్డ్‌వే మీద గౌరవం ఇంకా పెరిగింది. ఆ మూడు పుస్తకాలూ బొమ్మ సైన్యాలతో యుద్ధాలాడే అలవాటున్నవాళ్ల కోసం రాసుకున్న నోట్స్‌లా ఉంటాయి, తెలిసినవాళ్లకే తెలుస్తాయి. 1977లో ఎరిక్ హోమ్స్ వాటిని కొంత విడమరిచి చెప్పాడు. మోల్డ్‌వే అయితే ఎవ్వరూ నేర్పకుండా కుర్రాళ్లు సొంతంగా చదివి ఆ సాయంత్రమే ఆడగలిగేలా రాశాడు. మేం అలాగే ఆడాం.

బీ/ఎక్స్‌లో నేలమాళిగలోకి దిగాక కాలాన్ని టర్న్‌లలో కొలుస్తారు. ఒక టర్న్ అంటే 10 నిమిషాలు. కాగడా 6 టర్న్‌లు వెలుగుతుంది, లాంతరులో నూనె పోస్తే 24. వెలుతురు 30 అడుగుల వరకే. ప్రతి రెండు టర్న్‌లకి ఒకసారి డీఎమ్ ఆరు ముఖాల డైస్ ఒకటి వేస్తాడు, 1 పడితే ఏదో మావైపు వస్తున్నట్టు. ఒక గోడని జాగ్రత్తగా తడిమి చూడాలంటే ఒక టర్న్, ఆరు టర్న్‌లలో ఒకటి విశ్రాంతికి పోవాలి. ఇవన్నీ విడివిడిగా చదివితే చాదస్తంగా అనిపిస్తాయి. టేబుల్ దగ్గర కలిసి పనిచేసినప్పుడు మాత్రం "ఈ గదిలో ఇంకా వెతుకుదామా?" అనే మామూలు ప్రశ్నకి ఒక ఖరీదు ఏర్పడుతుంది, ఎందుకంటే వెతికితే వెలుగు తగ్గుతుంది, డీఎమ్ డైస్ వేసే అవకాశం పెరుగుతుంది. మాలో ఒకడు కాగితం మీద గళ్లు గీసి టర్న్‌కో గడి కొట్టేస్తూ ఉండేవాడు. మ్యాప్ గీసే పని నాది. "ఉత్తరంగా 40 అడుగులు, అక్కడ దారి తూర్పుకి తిరుగుతుంది, ఎడమ వైపు చెక్క తలుపు" అని డీఎమ్ చెబుతుంటే గళ్ల నోట్‌బుక్‌లో గీసుకుంటూ పోవడం. ఆ మ్యాపులు నా దగ్గర ఇంకా ఉన్నాయి. ఎక్కడో ఒక గది ఇంకో గది మీదికి ఎక్కినట్టు వస్తే, మధ్యలో వాలు దారి ఏదో మాకు తెలియకుండా కిందికి దించిందని అర్థమయ్యేది, అప్పుడు అందరం లేచి నిలబడి ఆ కాగితం మీదికి వంగేవాళ్లం.

బీ/ఎక్స్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది యుద్ధం రూల్ కాదు, యుద్ధం రాకుండా చేసే రూల్. ఎదురుపడిన ప్రాణి ఏం చేస్తుందో డీఎమ్‌కి ముందే తెలియకపోతే రెండు ఆరు ముఖాల డైస్ వేస్తాడు. 2 పడితే వెంటనే మీదపడుతుంది, 12 పడితే ఉత్సాహంగా స్నేహం చేస్తుంది, మధ్యలోవన్నీ రకరకాల అనుమానాలు. అంటే చాలాసార్లు మాట్లాడటానికి చోటుంటుంది. దీనికి తోడు మొరేల్ అని ఒకటి, అవతలి వాళ్లలో మొదటివాడు పడిపోయినప్పుడు, మళ్లీ సగం మంది పడిపోయినప్పుడు డైస్ వేసి వాళ్లు పారిపోతారా లేదా చూస్తారు. ఈ రెండు రూల్స్ వల్లే గోబ్లిన్లు (కథల్లో వచ్చే పొట్టి రాక్షసులు) మాకు ప్రాణాలున్నవాళ్లలా కనిపించాయి, చావడం ఇష్టంలేనివాళ్లలా. ఒకసారి చివరి కాగడాతో, పైకి వెళ్లే దారి తెలియక తిరుగుతున్నప్పుడు గోబ్లిన్ల గుంపు ఎదురైంది. డైస్ పెద్దగా పడింది. మా దగ్గరున్న వెండి పాత్రలు ఇస్తే మెట్ల దాకా తీసుకెళ్తామన్నారు. ఇచ్చాం. వాళ్లలో ఒకడు తర్వాత చాలా వారాలపాటు మాకు దారి చూపించాడు, వాడికి వాటా కూడా ఇచ్చేవాళ్లం. డీఎమ్ ముందుగా రాసుకున్న కథలో అలాంటివాడు లేడు, రెండు డైస్ పడిన తీరు వల్ల పుట్టాడు.

ఇదంతా నిలబడటానికి కింద ఇంకో లెక్క ఉంది. ఒక బంగారు నాణెం విలువైన నిధిని క్షేమంగా బయటికి తెస్తే ఒక అనుభవ పాయింట్ వస్తుంది, అవి పోగైతే పాత్ర లెవెల్ పెరుగుతుంది. గోబ్లిన్‌ని ఓడిస్తే వచ్చేది 5. ఫైటర్ రెండో లెవెల్‌కి చేరాలంటే 2000 కావాలి. అంటే ఒక్కడే, ఎవరికీ వాటా ఇవ్వకుండా చంపుకుంటూ పోయినా నాలుగు వందల గోబ్లిన్లు. అదే సంపాదన ఎవరినీ గుచ్చకుండా ఒక పెట్టెలో దొరకొచ్చు. ఈ లెక్క బుర్రకెక్కాక మేం నేలమాళిగలో దొంగల్లా, దళారుల్లా, అప్పుడప్పుడు పిరికివాళ్లలా తిరిగాం, అదే ఆ ఆటలో తెలివి. మోయగలిగే బరువుని కూడా నాణేల్లోనే కొలుస్తారు కాబట్టి ఏం మోసుకురావాలి, ఏం వదిలేయాలి అనే చర్చ ఎప్పుడూ వేడిగానే ఉండేది. నాలుగు ముఖాల డైస్ మీద పడినన్ని హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకుంటాడో చెప్పే అంకె), రోజుకి ఒక్క మంత్రం ఉన్న మ్యాజిక్ యూజర్‌ని, అంటే మాంత్రికుణ్ణి, ఆడినవాడికి తెలుస్తుంది, ఎదుటివాళ్లని నిద్రపుచ్చే ఆ ఒక్క స్లీప్ మంత్రం ఎప్పుడు వాడాలా అని ఆట మొత్తం పట్టుకుని కూర్చోవడంలో ఎంత టెన్షన్ ఉందో.

తర్వాత మా చేతికి అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చింది. 1977లో మాన్‌స్టర్ మాన్యువల్, 1978లో ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, 1979లో డంజన్ మాస్టర్స్ గైడ్, మూడూ గట్టి అట్టల పుస్తకాలు. ఇక్కడ గైగాక్స్ లెక్కపెట్టని వస్తువు లేదు. ఏ ఆయుధం ఏ కవచం మీద ఎంత బాగా పనిచేస్తుందో ఒక పట్టిక, ఒక్కో ఆయుధానికి వేగం, నిమిషం పొడవున్న రౌండ్‌ని పది ముక్కలు చేసి ఏ మంత్రం ఎన్నో ముక్కలో పూర్తవుతుందో లెక్క. మా టేబుల్ దగ్గర ఆయుధాల పట్టికని కొన్నాళ్లు పట్టుదలగా వాడి, తర్వాత ఎవరూ ఏమీ అనకుండానే వదిలేశాం. కానీ ఆ డంజన్ మాస్టర్స్ గైడ్ అనే పుస్తకం మీద నాకున్న ప్రేమ వేరు. ఎక్కడ తెరిచినా ఏదో ఒకటి, రోగాల పట్టికలు, రత్నాల రకాలు, కిరాయి సైనికుల జీతాలు. వెనక అనుబంధంలో డైస్ వేసుకుంటూ అప్పటికప్పుడు నేలమాళిగని పుట్టించే పద్ధతి ఒకటుంది. ఎవరూ ఆటకి రాని సెలవు రోజుల్లో నేనొక్కణ్ణే కూర్చుని దాంతో గదులు, మలుపులు, ఎక్కడికీ పోని దారులు గీస్తూ ఉండేవాణ్ణి, పేజీ అంచు వచ్చేదాకా. బీ/ఎక్స్‌ని నేను మనుషులతో ఆడాను, ఈ గైడ్‌ని మాత్రం ఎక్కువగా ఒంటరిగా ఆడాను.

అడ్వాన్స్‌డ్‌లో ఇంకోటి మనుషుల్ని మార్చింది. క్లాసు అంటే పాత్ర వృత్తి, కొన్ని క్లాసులకి అర్హతలుంటాయి, పాలడిన్ (ధర్మానికి కట్టుబడ్డ యోధుడు) కావాలంటే కరిస్మా (ఎదుటివాళ్లని ఆకట్టుకునే గుణం) 17 ఉండాలి. అది ఊరికే పడే అంకె కాదు, అందుకే మాలో ఒకడికి పడినప్పుడు టేబుల్ మొత్తం చప్పట్లు కొట్టింది. పాలడిన్ వచ్చాక గుంపులో మిగతావాళ్ల నడవడి మారింది. చెడ్డ పని చేస్తే వాడి శక్తులు పోతాయి, అందుకని వాడి ముందు ఖైదీల్ని బెదిరించలేం, గుడి సొమ్ము ముట్టుకోలేం. ఆ పాత్ర ఆడిన మిత్రుడు మామూలుగా మాలో అందరికంటే అల్లరివాడు. ఆ కొన్ని నెలలు మాత్రం టేబుల్ దగ్గర వాడి గొంతు కూడా మారిపోయేది.

1989లో వచ్చిన రెండో ఎడిషన్ చక్కగా సర్దిన పుస్తకం, చదవడానికి ఎంతో సులువు, థాకో అందులో మొదటి నుంచీ రూల్‌లో భాగం. (థాకో అంటే ఆర్మర్ క్లాస్ సున్నా ఉన్నవాణ్ణి తగలడానికి ఇరవై ముఖాల డైస్ మీద కావాల్సిన అంకె. కవచం మెరుగయ్యేకొద్దీ ఆర్మర్ క్లాస్ తగ్గుతుంది, అందుకే థాకోలోంచి ఎదుటివాడి ఆర్మర్ క్లాస్‌ని తీసివేసి చూసుకోవాలి.) కానీ అందులో బంగారానికి అనుభవ పాయింట్లివ్వడం కావాలంటే వాడుకునే ఐచ్ఛిక రూల్‌గా మారింది. మా డీఎమ్ దాన్ని తీసుకోలేదు. అంతే, కొన్ని వారాల్లోనే మా ఆట వేరైపోయింది. బేరాలాడే మేం కత్తులు దూశాం, దొంగదారులు వెతికే మేం తలుపులు తన్నాం, ఎందుకంటే ఇప్పుడు లెక్కకి వచ్చేది ఓడించిన శత్రువులు, డీఎమ్ అనుకున్న కథలో చేరిన మజిలీలు. మనుషులు వాళ్లే, టేబుల్ అదే, డైస్ అవే. ఒక్క వాక్యం పుస్తకంలో పక్కకి జరిగితే ఆట ఎంత మారుతుందో నేను కళ్లారా చూశాను.

టన్నెల్స్ అండ్ ట్రోల్స్ గురించి ఎవరూ సరిగా మాట్లాడరు, నాకది బాధ. కెన్ సెయింట్ ఆండ్రె 1975లోనే, అంటే మొదటి ఆట వచ్చిన మరుసటి ఏడాదే, దానికంటే తేలికగా ఉండాలని చేసిన ఆట. దీనికి ఆరు ముఖాల డైస్ చాలు. చిత్రమైన ఆకారాల డైస్ దొరకడం మాకు పెద్ద సమస్యగా ఉండేది. మాకే కాదు, హోమ్స్ బేసిక్ పెట్టెలకి డైస్ చాలక డంజన్స్ అండ్ డ్రాగన్స్ కంపెనీ టీఎస్ఆర్ కొన్నాళ్లు వాటి బదులు అంకెలు వేసిన అట్టముక్కలు పెట్టింది, కప్పులో వేసి చూడకుండా ఒకటి తియ్యాలి. మోల్డ్‌వే పెట్టెలో డైస్ ఉండేవి, కానీ అంకెల గాడుల్లో రంగు ఉండేది కాదు, తోడుగా ఇచ్చిన మైనపు క్రేయాన్‌తో మనమే రుద్ది నింపుకోవాలి. ట్రోల్స్‌తో ఆ బాధలేమీ లేవు, ఇంట్లో ఏ పాత బోర్డ్ గేమ్ ఉన్నా అందులోని డైస్ పనికొచ్చేవి. యుద్ధంలో మనవాళ్లందరూ కలిపి డైస్ వేస్తారు, అవతలివాళ్లవీ కలిపి వేస్తారు, మొత్తాలు పోల్చి తేడా ఎంతుంటే ఓడిన పక్షానికి అంత దెబ్బ. ఒక్కడి దెబ్బ, ఒక్కడి గురి అనేది లేదు, అందరిదీ ఒకటే కుప్ప. గుప్పిళ్లతో డైస్ దొర్లించి, ఎగబడి కూడుతూ, కూడిక తప్పు చెప్పినవాణ్ణి అందరూ కలిసి సరిదిద్దుతూ, అంత గట్టిగా నవ్వుకున్న ఆట ఇంకోటి లేదు. మాంత్రికుడు మంత్రం వేస్తే వాడి బలంలోంచే ఖర్చవుతుంది, బలం అయిపోయి సోలిపోతాడు, ఈ ఒక్క ఆలోచన కోసమైనా ఆ ఆటని నెత్తిన పెట్టుకోవచ్చు. ఒంటరిగా ఆడుకునే సాహసాలు కూడా 1976 నుంచే తెచ్చారు వీళ్లు.

రూన్‌క్వెస్ట్ తక్కువే ఆడాం. 1978లో కేయాసియం నుంచి వచ్చింది, క్లాసులు లేవు, లెవెల్స్ లేవు, ఏ విద్య వాడితే ఆ విద్యే పెరుగుతుంది. దెబ్బ తలకా, పొట్టకా, కాలికా అని డైస్ చెబుతుంది. ముందు చెప్పిన కుడిచెయ్యి దీనిదే.

ఆ తర్వాత ఉద్యోగాలు, ఊళ్లు మారడాలు, చాలాకాలం ఆట లేదు. ఆ మధ్యలో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ ఆ పాత కంపెనీ టీఎస్ఆర్‌ని 1997లో కొని, 2000లో మూడో ఎడిషన్‌తో పాటు ఓపెన్ గేమ్ లైసెన్స్ అని, ఆ రూల్స్‌ని ఇతరులూ వాడుకునే అనుమతి ఒకటి ఇచ్చింది. దాన్ని ఆధారం చేసుకుని పాత ఆటల అభిమానులు ఆ రూల్స్‌నే కొత్త మాటల్లో మళ్లీ రాసి పంచడం మొదలుపెట్టారు. 2006లో అడ్వాన్స్‌డ్ మొదటి ఎడిషన్‌కి ఒస్రిక్, 2007లో బీ/ఎక్స్‌కి లాబిరింత్ లార్డ్, 2008లో మొదటి చిన్న పుస్తకాలకి మ్యాట్ ఫించ్ రాసిన స్వోర్డ్స్ అండ్ విజర్డ్రీ. క్రిస్ గానర్‌మన్ బేసిక్ ఫాంటసీనైతే పీడీఎఫ్‌గా ఇప్పటికీ ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. వీటిని రెట్రోక్లోన్లు అంటారు. ఇవి చేసిన మేలుకి నేను ఎంత చెప్పినా తక్కువే, అట్టలు ఊడిన పుస్తకాల్లో మిగిలిపోవాల్సిన ఆట మళ్లీ కొత్తవాళ్ల చేతుల్లోకి వచ్చింది. వాటి మధ్య తేడాలు చిన్నవే, కానీ టేబుల్ దగ్గర తెలుస్తాయి. బేసిక్ ఫాంటసీ, కవచం మెరుగైతే ఆర్మర్ క్లాస్ పెరిగే పద్ధతి తీసుకుంది, జాతినీ క్లాసునీ విడదీసింది, అందుకని డ్వార్ఫ్ (పొట్టి జాతివాడు) క్లరిక్‌ని (పూజారిని) కూడా ఆడొచ్చు, బీ/ఎక్స్‌లో డ్వార్ఫ్ అంటే డ్వార్ఫే, వేరే క్లాసు ఉండదు. స్వోర్డ్స్ అండ్ విజర్డ్రీలో విషానికీ, మంత్రదండానికీ, డ్రాగన్ ఊపిరికీ వేరువేరు సేవింగ్ త్రోలు (ఆపద తప్పించుకోవడానికి వేసే డైస్) ఉండవు, అన్నిటికీ ఒకటే అంకె. పాత ఐదు వరసల మీద నాకు ప్రేమ ఉన్నా, మంచి ఊపులో ఉన్నప్పుడు ఆ ఒక్క అంకే హాయి.

2019లో గ్యావిన్ నార్మన్ ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్ తెచ్చినప్పుడు రూల్స్ కొత్తగా ఏమీ లేవు, బీ/ఎక్స్‌నే తీసుకున్నాడు. కానీ కావాల్సిన విషయం తెరిచిన పేజీలోనే మొత్తం దొరికేలా సర్దాడు. ఆట మధ్యలో పుస్తకం తిరగేసే మనిషి ముఖంలో ఉండే అలసట తెలిసినవాడు చేసిన పని అది. చదువుతుంటే నాకు మోల్డ్‌వే గొంతు, ఆ చొరవ, ఆ పిలుపు కొంచెం దూరమైనట్టు అనిపిస్తుంది, నిజమే. అందుకే కొత్తవాళ్లకి ఇప్పటికీ ముందు మోల్డ్‌వే చదవమంటాను, ఆడేటప్పుడు ఎసెన్షియల్స్ దగ్గర పెట్టుకోమంటాను.

కొత్త కోవలో డంజన్ క్రాల్ క్లాసిక్స్, 2012, నన్ను బాగా కదిలించింది. ఒక్కొక్కరికి ఇద్దరు ముగ్గురు, నలుగురు కూడా, లెవెల్ లేని మామూలు మనుషుల్ని ఇస్తారు, రొట్టెలు కాల్చేవాడు, సమాధులు తవ్వేవాడు, అలాంటివాళ్లు. వాళ్లందర్నీ నేలమాళిగలోకి తోస్తారు, బతికి బయటపడ్డవాడు మన పాత్ర. నేను ఎంతో ఆశపెట్టుకున్నవాడు మొదటి గదిలోనే పోయాడు, పేరు కూడా సరిగా పెట్టనివాడు చివరిదాకా నిలిచి ఇప్పుడు పేరున్న యోధుడయ్యాడు. వాడి గతం నేను రాయలేదు, అందరి కళ్ల ముందూ జరిగింది. మంత్రాలకి కూడా డైస్ వేస్తారు, ఎంత పడితే అంత ఫలితం, మంత్రానికో పెద్ద పట్టిక. ఆ పట్టికలు వెతకడంలో ఆట నెమ్మదిస్తుంది, అది మాత్రం నాకు నచ్చదు.

ఇన్‌టు ది ఆడ్, కెయిర్న్ లాంటివి ఇంకా సన్నగా చెక్కారు, తగులుతుందా లేదా అని డైస్ వెయ్యడమే ఉండదు, నేరుగా దెబ్బే. ఒక సాయంత్రానికి అద్భుతం, ఏళ్ల తరబడి ఆడటానికి నాకు చాలవు. షాడోడార్క్ కాగడా సమస్యని గడియారానికి అప్పజెప్పింది, కాగడా వెలిగించామంటే నిజంగా ఒక గంట, ఫోన్‌లో టైమర్. మొదటిసారి ఆడినప్పుడు అందరూ టైమర్ వైపు చూస్తూ గబగబా మాట్లాడటం భలేగా ఉంది. కాకపోతే ఆ గంటలో ఎవరైనా జోక్ వేస్తే, ఎవరైనా మంచినీళ్లకి లేస్తే పాత్రల వెలుగు తగ్గిపోతుంది. మా గుంపు కబుర్ల గుంపు, మాకు గళ్లు కొట్టేసే కాగితమే కుదిరింది.

ఇప్పుడు పిల్లలూ, పాత మిత్రుల్లో మిగిలినవాళ్లూ కలిసి ఆడుతుంటే డీఎమ్ నేను. పునాది బీ/ఎక్స్, ఆర్మర్ క్లాస్ మాత్రం పైకి లెక్క, సేవింగ్ త్రో ఒకటే, బంగారానికి అనుభవం తప్పనిసరి. ఇంకా తెగని గొడవ థీఫ్ ఒక్కటే. 1975లో గ్రేహాక్ అనుబంధంతో వచ్చిన ఈ క్లాసు రాకముందు, వలలు, గోతులు వెతకడం అందరి పనీ, మాటలతో చేసే పని. థీఫ్ వచ్చాక అదొక శాతమైపోయింది, పైగా బీ/ఎక్స్‌లో మొదటి లెవెల్ థీఫ్‌కి ఉచ్చు కనిపెట్టే అవకాశం 10 శాతం. మా టేబుల్ దగ్గర ఎవరైనా సరే, ఎక్కడ ఎలా చూస్తున్నారో వివరంగా చెబితే, అది ఉచ్చు ఉన్న చోటికి సరిపోతే డైస్ లేకుండానే దొరుకుతుంది. మాట తప్పిపోయిన చోట థీఫ్‌కి ఆ శాతం అదనంగా ఒక అవకాశం. థీఫ్ ఆడే అమ్మాయి మొదట్లో తన అంకెలు చూసి దిగులుపడింది, ఇప్పుడు తన షీట్ వైపు చూడటం బాగా తగ్గింది, నన్ను ప్రశ్నలడగడం పెరిగింది. నేల మీద దుమ్ము సమానంగా ఉందా, తలుపు బందుల్లో తుప్పు ఉందా, గాలి ఏ వైపు నుంచి వస్తోంది అని అడుగుతూనే ఉంటుంది, వాటన్నిటికీ ముందే జవాబులు తయారుగా పెట్టుకోవడం నాకు కొత్త పని అయింది.